రాత నాగేశ్‌ది, మాట నాది

ఇది చదివే నిన్నే అడుగుతున్న: నీ తప్పుకు ఇంకొకని నౌకరీ పోతుంటే, పక్క కుర్చీల కూసొని ఎన్నడన్న నోరు మూసుకున్నవా? నేను మూసుకున్న. అందుకే ఈ వీలునామా.

సిద్దిపేట నివాసి, కీ.శే. నర్సయ్య కొడుకు గాజంగి బుచ్చిరాములు అనే నేను, వయసు అరవై ఎనిమిది, ఒకప్పుడు మగ్గం నేసినోణ్ణి, ఇప్పుడు భజన మందిరంల ప్రవచనం చెప్పేటోణ్ణి, పూర్తి తెలివితోని, ఎవరి బలవంతం లేకుండ రాయిస్తున్న. దస్తూరి నా బిడ్డ వందనది.

1. నా రెండర్రల ఇల్లు నా భార్య యాదవ్వకు, ఆమె తర్వాత వందనకు. ఇందుల ఎవరికీ తకరారు లేదు.

2. నేను వ్యాసాలిచ్చిన రాజకీయ మాసపత్రిక ‘పిడికిలి’ పాత సంచికల కట్ట ఎడిటర్ దత్తాత్రికి. శాస్త్రం మాట కనపడితే చాలు, “బుచ్చన్నా, గిది పత్రికనా, పురాణమా?” అని కొట్టేస్తుండె. పదకొండేండ్లైనా ఆ కోపం పోలే. కట్ట మాత్రం ఆయనకే. నాకంటె ఎక్కువ ఇష్టంగ చదివిండు.

3. నేను నేసిన ఆఖరి తువ్వాలలు రెండు నాగేశ్ తల్లి పోచవ్వకు. కొడుకు సస్పెండైనంక గూడ నేను పోతే చాయ పోస్తుంది. సిగ్గు లేకుండ తాగుతున్న.

4. సర్కారు బడి డ్రాయింగ్ సారు నాగేశ్‌కు నేనిచ్చేది ఆస్తి కాదు, నిజం. నేను బడికి పోలే. చదువుడు సొంతంగ నేర్చిన గని, నా రాత కోడి గెలికినట్టుంటది. అందుకని నేను నోటితోని చెప్తే నాగేశ్ రాసి, పక్కన బొమ్మ గీసెటోడు. ‘నిప్పుకణిక’ అన్న మారుపేరు నాది. చెరువు నీళ్లు నిలిచే శిఖం జాగ కబ్జా పెట్టిన పెద్దమనిషి మీద మొన్న శ్రావణంల వచ్చిన వ్యాసం గూడ అట్ల పుట్టిందే. దాని రాతప్రతి ఎట్లనో ఆ పెద్దమనిషి చేతిల పడ్డది. ఫిర్యాదు బొమ్మ మీద కాదు, సర్కారు నౌకరిల ఉండి రాజకీయ వ్యాసం రాసిండని.

విచారణల అధికారి కాయితం చూపెట్టి, “ఈ రాత నీదేనా?” అన్నడు.

“రాత నాదే సార్” అన్నడు నాగేశ్.

ఆయన అడిగింది వ్యాసం సంగతి, వీడు చెప్పింది చేతిరాత సంగతి. అబద్ధమాడలే, నా పేరూ చెప్పలే. నాగేశ్‌ను ఎరిగినోణ్ణని సాక్షిగ పిలిస్తే పోయి పక్కనే కూసున్న నేను “మాట నాది” అంటే అయిపోతుండె. అనలే. సభల అన్యాయం చూసి మాట్లాడనోనికి పాపంల పాలుంటదని శాస్త్రం తెరిచి ఊరందరికీ గర్జించినోణ్ణి నేనే. ఇంటికొచ్చినంక యాదవ్వ అన్నది: “మైకు లేకుంటే నీకు గొంతు రాదా?”

ఆ వ్యాసంల ప్రతి మాట నాది. దాని శిక్ష నాకే రావాలె.

5. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వందనది.

తేది: 18 నవంబర్ 2024, సిద్దిపేట.
సంతకం: గాజంగి బుచ్చిరాములు
సాక్షులు: రాజమల్లయ్య (కిరాణ దుకాణం), ప్రమీలాదేవి (రిటైర్డ్ టీచర్)

సంతకాలైనంక చేర్చింది: కాయితం మడుస్తూ వందన అడిగింది, “బాపు, వీలునామా నువ్వు పోయినంకనే గదా చెల్లేది? నాగేశన్న ఆఖరి విచారణ ఇయ్యాల మూడింటికాయె.” చచ్చినంక ధైర్యం చేద్దామనుకున్న, ఇది గూడ పిరికితనమే. బిడ్డా, ఈ కాయితం బీరువల పెట్టకు. ఆటోను పిలువు. అధికారి ముంగట నా నోటితోనే చెప్తా. ఇయ్యాల్నే, ఇప్పుడే, లే.