స్ప్రింగు మీది పైపు ముక్క

తమ్మీ,

నువ్వు పోయి రేపటికి పదేండ్లు. ఇయ్యాల నా స్కూటర్ ముందట ఆయిల్ కారుతుంటే ఉప్పల్‌ల నీ దోస్తు యాదగిరి షెడ్డుకు తీస్కపోయిన.

నీకు యాదికుందా? నువ్వు పోయిన యేడే, నా బండికున్న షాకబ్జర్లు పీకేసి వేరే మోడల్‌వి ఎక్కిచ్చినవ్. అప్పటిసంది ముందట కట్టె లెక్క గట్టిగైంది. నాచారం రోడ్డు మీద గుంతల పడ్డప్పుడల్లా చేతులు జివ్వుమంటయి. "నీ మెకానిక్ పని పాడుగాను" అని తిడితే, "గట్టిగుంటేనే మంచిదక్కా" అని నవ్వేటోనివి. నువ్వు పోయినంక గూడ నేను తిట్టుడు బంద్ చెయ్యలే. గుంతకో తిట్టు.

యాదగిరి ఇప్పి చూస్తే స్ప్రింగు మీద రెండించుల పైపు ముక్క ఎళ్లింది. నువ్వే కోసి పెట్టినవంట.

"చిన్ని ముందట నిలవడి బడికి పోయేది గదక్కా. పోరి బరువుకు బండి కుంగొద్దని పెట్టిండు. జర పెద్దగైనంక తీసేద్దామన్నడు" అన్నడు యాదగిరి.

ముందట నిలవడ్డ నీ మేనకోడలు ఇప్పుడు ఒక్కతే మెట్రో ఎక్కి కాలేజీకి పోతుంది.

ఆయిల్ కారే సీలు మార్పిచ్చి, ముక్క తీపిచ్చిన. ఇంటిదాక ఒక్క కుదుపు లేదు. అవే గుంతలు, అదే రోడ్డు. నిన్ను తిట్టనీకి మాత్రం ఒక్క సందు దొరకలే.

ముక్క నా పర్సులనే ఉంది. పొద్దుగాల పోయి మళ్ల పెట్టిపిస్త.

నీ అక్క