రెండు కుడి రెక్కలు

నవంబర్ 4

రావు సారు షాపు లోపలికి వచ్చారు! ఆయన భార్య రమణమ్మ గారు ఇన్నేళ్లుగా నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటారు. ఆమెను తీసుకొచ్చి ఆయన ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడతారు. ఇవాళ ఒక్కరే వచ్చి, కటింగ్ టేబుల్ మీద గుడ్డలు పక్కకు జరిపి, దుప్పటంత కాగితం పరిచారు.

"నీ కత్తెర గీత తప్పదని మా ఆవిడ చెప్పింది. ఇవి కోసి పెడతావా అమ్మా?"

విమానం ప్లాను. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల బాడీలు బాగుచేసి రిటైరైన మనిషి అని తెలుసు. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు సొంతంగా చేసేవారని ఇవాళే తెలిసింది. మరి ఆయనే కోసుకోవచ్చుగా? అడిగితే, "చేతులు వణుకుతున్నాయి" అన్నారు.

చేతులు వణకడం లేదు. చూశాను.

నవంబర్ 6

పెళ్లిళ్ల సీజన్. పద్దెనిమిది జాకెట్లు పెండింగ్. అయినా ప్లానే చూస్తూ కూర్చున్నా.

ఒక్క కాగితంలో అన్నీ ఉన్నాయి. పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి. మధ్యలో చేప ఆకారాలు ఇరవై దాకా — వాటిని రిబ్బులు అంటారట, రెక్కకు పక్కటెముకలు. కింద చదును, పైన ఉబ్బు. ఎందుకు పైనే ఉబ్బు?

నవంబర్ 9

కర్ర వచ్చింది. బాల్సా. కొరియర్ అబ్బాయి ఖాళీ డబ్బా అనుకుని ఊపి చూశాడు. నేనూ అలాగే అనుకున్నా. ఇంత పొడుగు పలక అరచేతిలో పెడితే ఉన్నట్టే లేదు. గోరు నొక్కితే గుంట పడుతుంది.

సారు చెప్పారు: పోగు పొడుగునా పోతే ఇనుము, అడ్డంగా పోతే బిస్కెట్. గుడ్డకు నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే. ఇది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కత్తెర పనికిరాదు — బ్లేడు. మొదటి రిబ్బు విరిగింది. రెండోదీ. మూడోది నిలిచింది.

నవంబర్ 10

మా ఆయనకు ఆదివారం సెలవు. ఫ్యాక్టరీ లేకపోతే ఇంట్లో కాలు నిలవదు, షాపుకి వచ్చాడు.

"ఏందే గిది? జాకెట్లు కుడుతున్నవా, ఇమానాలు జేస్తున్నవా?"

"రెండూ."

"ఎగుర్తదా?"

"ఎగుర్తదంట."

రిబ్బు చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. మాట్లాడలేదు. మాట్లాడలేదంటే నచ్చినట్టే.

నవంబర్ 15

సారు రోజూ పదకొండింటికి వస్తున్నారు. స్టూలు మీద కూర్చుని చెబుతారు, నేను చేస్తాను. ప్లాను మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద కర్రలు, గుండుసూదులు గుచ్చి, సందుల్లో తెల్ల గమ్ము. ప్లాను వైపు చూడకుండానే కొలతలు చెబుతారు. "మూడో రిబ్బు దగ్గర కర్ర చిన్న గాడిలో కూర్చోవాలి, చూశావా?" అని వేలు పెట్టారు. అది ఐదో రిబ్బు.

నాతో మాట్లాడేటప్పుడు నా ముఖం వైపు చూడరు. నా చెవి పక్కకు చూస్తారు. మొదట గర్వం అనుకున్నా.

నవంబర్ 21

సైనిక్‌పురిలో పెళ్లివారికి జాకెట్లు ఇచ్చి బస్టాపులో నిలబడ్డా. జవహర్‌నగర్ చెత్త గుట్టల వైపు నుంచి గద్దలు. ఇరవై, ముప్ఫై... ఒక్కటీ రెక్క ఆడించడం లేదు. చేతులు చాచి తిరుగుతున్నాయి, అంతే. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

రెండు రెక్కలూ కొంచెం పైకి లేచి ఉన్నాయి. మా ప్లానులోనూ అంతే! రేపు అడగాలి.

నవంబర్ 22

అడిగాను. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క రెక్క చదునై ఎక్కువ మోస్తుందట, తిరిగి సర్దుకుంటుందట. "నీకు ఇదెలా తోచింది?" అన్నారు. గద్దలు అన్నాను. నవ్వారు. నవ్వితే ముందు పళ్ల మధ్య సందు కనిపిస్తుంది. ఇప్పటిదాకా తెలీదు.

నవంబర్ 29

రెండో రెక్క పూర్తి. సూదులు తీశాను. ఎత్తితే గాలిలోకి పోతుందేమో అనిపించింది.

నవంబర్ 30

ఘోరం.

రెండు రెక్కలూ మొదలు వైపు కలిపి పెట్టి చూశాను. ఒకదాని ముందంచు ముందుకు ఉంది. రెండోదాని ముందంచు వెనక్కి. తిప్పితే ఉబ్బు కిందికి వస్తుంది. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే.

రెండూ కుడి రెక్కలే. ప్లానులో ఒక్క కుడి రెక్కే గీశారు. నేను అదే గీత మీద రెండుసార్లు కట్టాను.

ఇరవై ఆరేళ్లుగా కుడుతున్నా. పని నేర్చుకునే పిల్లలు జాకెట్‌కు రెండు కుడి చేతులు కోస్తే ఎంత తిట్టానో!

సారుకు చెబితే కోప్పడతారనుకున్నా. స్టూలు మీద ఊగి ఊగి నవ్వారు. "నా మొదటి విమానానికి రెండూ ఎడమ రెక్కలే అమ్మా!" ప్లాను వెనక నూనె రాయమన్నారు. రాశాను. కాగితం అద్దంలా అయింది, గీతలన్నీ వెనక నుంచి కనిపించాయి — ఎడమ రెక్కై. ఇంత చిన్న ఉపాయం!

డిసెంబర్ 8

మిగిలిన కర్రతో ఎడమ రెక్క కట్టాను. మా ఆయన చక్రాల కోసం ఇనుప తీగ వంచుకొచ్చాడు. ఫ్యాక్టరీలో లంచ్ టైములో వంచాడట. ప్లానులో ఉన్నదానికంటే మందం. సారు తడిమి చూసి, "ఇది లారీకి కూడా సరిపోతుందయ్యా" అన్నారు. మా ఆయన మురిసిపోయాడు.

డిసెంబర్ 12

రమణమ్మ గారు ఒక్కరే వచ్చారు. జాకెట్ వంక. కొలతలు ఇవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి కూర్చున్నారు.

"ఆయన కంటి మధ్యలో మచ్చ వచ్చిందమ్మా. రెండు కళ్లకీ. చుట్టూ లీలగా తెలుస్తుంది, సూటిగా చూసింది మాత్రం కనిపించదు. కళ్లజోడు మార్చాలని అందరికీ చెబుతుంటారు. నేనూ అలాగే తల ఊపుతాను."

"నేను ఏం జేయాలె అమ్మా?"

"ఏం చెయ్యకు. ఇక్కడికి వచ్చిన రోజు అన్నం సరిగ్గా తింటున్నారు. కానీ ఎగరేస్తానంటే మాత్రం..." అక్కడితో ఆపేశారు.

నా చెవి పక్కకు ఎందుకు చూస్తారో తెలిసింది. అక్కడ చూస్తే నేను కనిపిస్తాను.

డిసెంబర్ 20

రెక్కకు పసుపు ఫిల్మ్ వేశాం. పల్చటి ప్లాస్టిక్ పొర. ఇస్త్రీ పెట్టె పెడితే అంటుకుంటుంది, ఇంకొంచెం వేడి తగిలితే ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. ఈ పని నాది! ఒక్క ముడత లేదు. సారు అరచేతితో ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి చూశారు. రెండుసార్లు.

"నేనెప్పుడూ ఇంత బాగా వెయ్యలేదు."

డిసెంబర్ 27

సారు ఇంట్లో కంప్యూటరుకు రిమోట్ తగిలించి ఆట లాగా నేర్చుకోవచ్చు. తెర మీద విమానం. "సరదాకి పట్టుకో" అన్నారు. రిమోట్ మీద రెండు పుల్లలు, వాటి మీద రెండు బొటనవేళ్లు. పదిహేనుసార్లు కూల్చాను. కూలిన ప్రతిసారీ రమణమ్మ గారు వంటింట్లోంచి "అయ్యో".

జనవరి 11

ఆకాశం నిండా పతంగులు, మాంజా దారాలు. ఈ నెల ఎగరేయొద్దన్నారు సారు. రోజూ అరగంట కంప్యూటరు ముందు. నిన్న మూడుసార్లు దించాను, కూల్చకుండా.

ఆయన "నేను ఎగరేసేటప్పుడు..." అంటూ మాట మొదలుపెడతారు. నేను దారం కొరుకుతూ తల వంచుకుంటాను.

జనవరి 25

బాడీకి రెక్కలు, సారు పాత మోటారు బిగించి, వేళ్ల మీద తూకం చూశాం. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తితే ముక్కు కొంచెం వాలాలి. తోక వాలింది. ముక్కులో సీసం ముక్క పెట్టాం. వాలింది — మెల్లగా, నమస్కారం పెట్టినట్టు.

ఫిబ్రవరి 2

రాయడానికి మనసు రావడం లేదు. రాస్తాను.

పొద్దున్నే ఆటోలో సారు, నేను, ఒళ్లో విమానం. బోడుప్పల్ దాటాక ప్లాట్లు వేసి వదిలేసిన మైదానం. అటు చివర ఒక ఇల్లు కడుతున్నారు. మేస్త్రీలు, ఆడవాళ్లు తట్టలు మోస్తున్నారు. సారు రిమోట్ మెడలో వేసుకుని నిలబడ్డారు. "విసురు" అన్నారు.

విమానం ఎత్తి పట్టుకున్నా. చెయ్యి కదల్లేదు.

"సారు, గాడ మనుషులున్నరు. కనబడుతున్నరా?"

"నువ్వు విసురమ్మా."

"ఎంతమంది ఉన్నరో చెప్పున్రి. ఇసురుత."

ఆయన అటు తిరిగారు. తల కొంచెం పక్కకు వంచారు. చాలాసేపు చూశారు. "ముప్ఫై ఏళ్లు ఎగరేశాను. నువ్వా నాకు చెప్పేది?"

"నేను ఇసర సారు."

తిరిగి ఆటో ఎక్కాం. దిగేటప్పుడు ఆయన విమానం తీసుకోలేదు. నా దగ్గరే ఉంది.

ఫిబ్రవరి 5

రాలేదు.

ఫిబ్రవరి 6

రాలేదు. స్టూలు మీద ఎవరో కస్టమర్ బ్యాగు పెట్టింది. తీసి కింద పెట్టమన్నాను. ఎందుకన్నానో!

మా ఆయన: "నువ్వు జేసింది కరెక్టే. ఆయనకు గూడ ఎరికే. జర టైమియ్యి."

ఫిబ్రవరి 10

పదకొండింటికి వచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు. మిషన్ ఆపాను.

"నలుగురా, ఐదుగురా?"

"ఆరుగురు సారు."

తల ఊపారు. జేబులోంచి రుమాలు తీసి, మడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "నువ్వు ఎగరెయ్. నేను వింటా."

అర్థం కాలేదు. విమానం ముక్కు ఎక్కువ లేస్తే మోటారు గొంతు బరువవుతుందట. దిగుతుంటే సన్నగా కేక పెడుతుందట. ఒక్కసారి కూడా నా వైపు చూడకుండా ఇవన్నీ నోటితో చేసి వినిపించారు. బయట జాకెట్ కోసం నిలబడ్డామె వింతగా చూసింది.

ఫిబ్రవరి 16

ఎగిరింది!

మా ఆయన విసిరాడు. ఆ ఇంటికి స్లాబు వేసి పని ఆపారు, మైదానం ఖాళీ. విసరగానే ముక్కు వాలి నేల వైపు పోయింది. పుల్ల లాగాను, లేచింది. లేస్తూనే ఉంది.

"ఏడుస్తోంది. ముక్కు దించు" అన్నారు సారు, నా భుజం వెనక నుంచి. దించాను. మోటారు గొంతు సర్దుకుంది. "ఆఁ. ఇప్పుడు తిప్పు. మెల్లగా."

ఒక చుట్టు. రెండు. కింద మా ఆయన "అరె, అరె" అంటూ విమానం వెంట పరుగెడుతున్నాడు. నా బొటనవేళ్లు చెమటకు జారుతున్నాయి. నాలుగో చుట్టుకు భయం పోయింది... ఎప్పుడు పోయిందో తెలీలేదు.

దించాలి. "ఎంత ఎత్తుంది?" అడిగారు సారు.

"మా షాపున్న బిల్డింగంత."

"మోటారు ఆపెయ్."

ఆపాను. అంతా నిశ్శబ్దం. సారు మెల్లగా అన్నారు, "ఇక నాకు వినబడదు. నీదే."

ఆ కొద్ది క్షణాలు! జిల్లేడు పొదల్లో దిగింది. ముందు పంకా విరిగింది, ముక్కు నలిగింది. రెక్కకు గీత కూడా పడలేదు. మా ఆయన వంచిన తీగ అస్సలు వంగలేదు.

ఫిబ్రవరి 17

"ఎలా ఉంది పైన?" అని సారు అడిగారు.

ఏం చెప్పను? బాగుంది అన్నాను. ఊరుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది — ఎండకు అడ్డంగా వచ్చినప్పుడు పసుపు పొరలోంచి రిబ్బులన్నీ కనిపించాయి. ఒక్కొక్కటీ. నేను విరగ్గొట్టకుండా కోసినవి. అదే చెప్పాను.

సారు "అవును. అలాగే ఉంటుంది" అన్నారు.

ఫిబ్రవరి 20

ముక్కు కొత్తగా కట్టాను. గమ్ము ఆరుతోంది.

సారు ఇవాళ కొత్త మాట తెచ్చారు. నేను పైకి తీసుకెళ్లాలి, బాగా పైకి. ఎత్తులో ఉన్నప్పుడు తప్పు చేసినా దిద్దుకునే టైము ఉంటుందట. అక్కడ రిమోట్ ఆయన చేతికి ఇవ్వాలి. ఒక్క చుట్టు. నేను చెబుతుంటే ఆయన తిప్పుతారు. మళ్లీ నాకు ఇచ్చేస్తారు, నేను దించాలి.

"అడుగుతున్నాను అమ్మా. పోయినసారి అడగలేదు."

రేపు చెబుతానన్నాను.

ఫిబ్రవరి 21

చెప్పలేదు. షాపుకి ఆయన రాకముందే షట్టర్ దించి ఉప్పల్ వెళ్లి హుక్కులు కొనుక్కొచ్చా. హుక్కులు డబ్బాడు ఉన్నాయి.

మైదానం ఖాళీగా ఉంటే ఎవరికీ ప్రమాదం లేదు. విమానం పోతే? మళ్లీ కడతాను. అది కాదు. నేను చెప్పడం ఆలస్యమై, ఆయన చేతిలో కూలితే... ఆయన మళ్లీ స్టూలు మీద కూర్చుంటారా?

మా ఆయనను అడిగితే, "గది నువ్వే జెప్పాలె" అన్నాడు.

ఫిబ్రవరి 22

సాయంత్రం రమణమ్మ గారి ఫోన్. వద్దని చెప్పమంటారనుకున్నా. అలా అంటే బాగుండు అని కూడా అనుకున్నా.

"ఆయన చెప్పారు. కుడి, ఎడమ అంటే తికమకట. ఆయనకి చెరో పక్క ఒక మనిషి నిలబడి, ఎటు తిప్పాలో ఆ పక్క మనిషి పలికితే చాలట. రేపు నేనూ వస్తున్నా."

నేనింకా సరే అని ఎవరికీ చెప్పలేదుగా!

"పద్మా, వింటున్నావా? నేను ఏ పక్క నిలబడాలమ్మా?"

ఆలోచించి చెబుతానన్నాను. ఆమె ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. వెనక సారు ఏదో అడుగుతున్నారు, "ఏమందీ... ఏమందీ?"