కొండ పార్కులో శనివారం

అత్తా,

గిద్దలూరులో కొండ పక్కనున్న పార్కులో ఇప్పుడు శనివారం పొద్దున ఊరివాళ్లంతా కలిసి పరిగెత్తుతున్నారు. పోటీ ఏమీ కాదు, పరిగెత్తలేనివాళ్లు నడవచ్చు. మొన్న నేనూ వెళ్లాను. నువ్వు నమ్మవు గానీ, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కాళ్లకు బూట్లు వేసుకుని వచ్చిన ఆడవాళ్లు చాలామంది కనిపించారు. నీకు షుగరుందని, నడవమని డాక్టరు చెప్పినప్పుడు, రోడ్డు మీద నడిస్తే జనం నవ్వుతారని నువ్వు మన మిద్దె మీదే తిరిగేదానివి. నీకు తోడుగా నేనూ తిరిగేదాన్ని. నువ్వు పోయాక ఆ నడక మానేశాను. ఇప్పుడు నాకూ షుగరొచ్చింది.

మిద్దె మీద ఎత్తుపల్లాలు ఉండవు కదా. కొండదారి సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చి ఒక రాతి మీద కూర్చున్నాను. ఇక దిగిపోదామనుకుంటుండగా, వెనక వస్తున్న ఒకామె నన్ను చూసి ఆగింది. కురిచేడు నుంచి ఈ ఊరికి కొత్తగా వచ్చిందట.

"ఏందక్కా, అట్ల కూర్చున్నావు? లెయ్యి, మాట్లాడుకుంటా పోదాం. ఎక్కినట్టే తెలీదు," అంది.

ఏం మాట్లాడాలో తెలియక నీ గురించి చెప్పాను. మిద్దె మీద నడుస్తూ నువ్వు పాడే చర్చి పాటలు, కిందింట్లో ఏ కూర మాడిందో వాసన పట్టి చెప్పడం, చివర్లో నా భుజం పట్టుకుని నడవడం. ఆమె కాసేపు నవ్వింది, తర్వాత నా పక్కకు జరిగి నడిచింది. మాటల్లోనే పైదాకా వచ్చేశాం.

"మీ అమ్మ ఎప్పుడు పోయిందక్కా?" అని అడిగింది.

పోయిన వానాకాలంలో అని చెప్పాను. అమ్మ కాదు, అత్త అని చెప్పాలనిపించలేదు.