షేరు పెట్టెలో ఇసుక

మంగళవారం, రాత్రి

నా పెంపుడు తొండ షేరు గాజు పెట్టెలోని ఇసుకంతా సాయంత్రం ఎత్తిపోశాను. బియర్డెడ్ డ్రాగన్ జాతి తొండ ఎడారి జీవి కదా, ఇసుకైతే హాయిగా ఉంటుందని పోసింది నేనే. అఫ్జల్‌గంజ్ పెంపుడు జంతువుల దుకాణాయన కూడా "కడుపులకు పోయినా అరుగుతది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. పురుగులతో పాటు ఎంత మింగిందో ఏమో. ఐదు రోజులుగా దొడ్డికి పోలేదు. ఈరోజు వెనక కాలు ఈడుస్తోంది.

ఇసుక పోసిన రోజే బాపు బర్రెల కొట్టంలో మిగిలిన షాబాద్ బండ ముక్క తెచ్చాడు. "బర్రెల కిందనే బండలేస్తం, తొండకు ఇసుకేంది?" అన్నాడు. చల్లగా ఉంటుందని నేనే వద్దన్నాను. ఇప్పుడు అదే బండ పరిచాను. షేరు దాని మీద కదలకుండా పడి ఉంది.

బర్రెల కడుపు తడిమి రోగం చెప్పే బాపు, రెండు వేళ్లతో దాని పొట్ట మెల్లగా నొక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు.

"ఏమైంది బాపు?"

"పొద్దుగాల డాక్టర్‌కు చూపెడదాం బిడ్డా. నువ్వు పండుకో."

పోయినేడు మా గౌరి బర్రె లేవలేకపోయిన రాత్రి కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. తెల్లారి నేను లేచేసరికి గుంజకు దాని తాడు ఒక్కటే వేలాడుతోంది.