పసుపు రంగు అంటిన చైను

ఏమండీ,

మీ ఉత్తరం సోమవారం అందింది. ఇక్కడ నేనూ అత్తయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం. మీరూ అక్కడ వేళకు తిని, వేళకు పడుకుంటున్నారనే అనుకుంటున్నాను. ఫ్యాక్టరీలో చక్రాలు బిగించే పని నుంచి తీసి, తయారైన సైకిళ్ళను పరీక్షించే పనిలో పెట్టారని రాశారు. అత్తయ్యకు చదివి వినిపిస్తే, "చిన్నప్పుడు పరీక్షంటే కడుపునొప్పి తెచ్చుకునేవాడు, ఇప్పుడు వాడే పరీక్షలు పెడుతున్నాడా" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

మీరడిగినవి చెప్తాను. అత్తయ్య మోకాలు మునుపటికన్నా నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం "ఒక్కో మెట్టూ ఒక్కో కోడలు, ఒక్కటీ నా మాట వినదు" అంటోంది. మన సైకిలు కొట్టు పైకప్పు కారడం ఆగింది, రేకుల సందుల్లో తారు పూయించాను. గాలిపంపు వాషరు నేనే మార్చాను. మీరు చెప్పినట్టే చైన్లకు గ్రీజు పూయడం మానేశాను. ముందు గుడ్డతో తుడవడం, రోలరుకో చుక్క చొప్పున నూనె వేయడం, కాసేపు ఆగి పైన మిగిలింది మళ్ళీ తుడిచేయడం. మొదట్లో "వేసిన నూనె నువ్వే తుడిచేస్తావేంటమ్మా" అని సైకిళ్ళు తెచ్చినవాళ్ళు గొణిగేవాళ్ళు. నూనె పనిచేసేది లోపల, పైన ఉన్నది దుమ్ము పట్టడానికే అని చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది గానీ వాళ్ళ చైన్లు అరగడం తగ్గింది.

టైలరుగారి సైకిలు సంగతి. గట్టిగా తొక్కితే చైను జారుతోందని ఆయన గోల కదా. మీరు బొమ్మ గీసి పంపిన పద్ధతిలోనే కొలిచాను. ఒక పిన్ను నడిమీద స్కేలు సున్నా పెట్టి ఇరవై నాలుగు లెక్కపెడితే, పన్నెండు అంగుళాల గీత మీద ఉండాల్సిన పిన్ను అంగుళంలో ఎనిమిదో వంతు అవతల ఉంది, అంటే చైను అరిగి సాగిపోయింది. వెనక చక్రం పళ్ళు కూడా కొక్కేల్లా వంగి అరిగాయి. చైనొక్కటే మారిస్తే ఆ పాత పళ్ళు కొత్త చైనును తినేస్తాయని చెప్పి రెండూ మార్చాను. "మా ఆవిడ కూడా ఇంత మెత్తగా మాట్లాడదు" అని సైకిలును మెచ్చుకుంటూ పోయాడు.

ఇక చివరగా ఒకటడిగారు. ఈ మధ్య నీ ఉత్తరాలు పొడిపొడిగా ఉంటున్నాయి, ఎవరైనా ఏమైనా అన్నారా అని. ఎవరూ ఏమీ అనలేదు. ఫోనులో చెప్పొచ్చు. కానీ ఫోనులో మీరు నన్ను నవ్వించేస్తారు. నవ్వించి మాట మార్చేస్తారు. అది మీకు పుట్టుకతో వచ్చిన విద్య. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఎవరూ ఆపలేరు.

రెండు నెలల కిందట ఒక గేరు సైకిలుకు చైను ముక్క దొరకడం లేదని రాశాను. వెనక గదిలో పై అర మీద బిస్కెట్ల డబ్బా ఉంటుంది, పాత చైన్లన్నీ అందులోనే పడేస్తుంటాను, వెతుక్కో అని మీరే రాశారు. స్టూలెక్కి ఎడమచేత్తో ఎలాగో దించి, గచ్చు మీద గుమ్మరించాను. అన్నిటికన్నా అడుగున ఒక చైను చుట్టుకొని ఉంది. దాని నాలుగైదు లింకుల మీద పసుపు రంగు ఎండి, పెచ్చుకట్టి ఉంది.

ఆ పసుపు నేను కలిపిందే. ఈతకొలను బోర్డుకని డబ్బా పసుపులో చెంచాడు ఎరుపు, రెండు చెంచాల తెలుపు వేసి అరగంట కలిపాను. అది ఏ కొట్లోనూ దొరకదు. పదకొండేళ్ళు బోర్డులు రాసినదాన్ని, నా రంగు నేను గుర్తుపట్టనా?

మూడేళ్ళ కిందట నేను సైకిలు మీంచి పడ్డ ఆ రోజు గురించి మీకు తెలిసిందే. కానీ నా వైపు నుంచి ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు వినండి. హ్యాండిల్‌కు రెండు రంగు డబ్బాలు, వెనక కుంచెల సంచి. నీళ్ళ ట్యాంకు దగ్గరి ఎత్తు సగం ఎక్కాక సీటు మీంచి లేచి తొక్కాను. టక్కున శబ్దం వచ్చింది. మెట్టు ఉందనుకొని అడుగేస్తే మెట్టు లేనట్టు, కాలు అలా కిందికి జారిపోయింది. కుడిభుజం గోడ అంచుకు తగిలింది. లేవబోతే చెయ్యి నాతో రాలేదు. రోడ్డు మీద నా పసుపంతా పల్లానికి పారిపోతోంది. నాకప్పుడు వచ్చిన ఆలోచన ఏంటో తెలుసా? ఇంత రంగు మళ్ళీ కలపాలే అని.

ఎముక అతికింది గానీ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. నిచ్చెన ఎక్కి తలకన్నా ఎత్తులో అక్షరం రాయలేని మనిషిని బోర్డులకు ఎవరు పిలుస్తారు? కుంచెలు కట్టగట్టి పెట్టి మీ కొట్లో వచ్చి కూర్చున్నాను.

ఆస్పత్రి మంచం పక్కన కూర్చొని మీరన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఎత్తులో చిన్న గేరుకు మార్చమని ఎన్నిసార్లు చెప్పాను? పెద్ద గేరులో నిలబడి తొక్కితే చైను తెగక ఏం చేస్తుంది?"

నమ్మాను. సైకిళ్ళ విషయంలో మీ మాటను మించి నాకేముంది? ఆ రోజు గేరు మార్చినట్టే గుర్తు, కానీ మీరు అంత గట్టిగా అంటే, నా గుర్తే తప్పనుకున్నాను. తర్వాత అది కొట్లో హాస్యమైంది. "మా ఆవిడ పెడల్ మీద కాలేస్తే ఇనుము కూడా చేతులెత్తేస్తుంది" అని వచ్చినవాడికల్లా చెప్పారు. టైలరుగారు నాకు "ఇనపకాలు అక్క" అని పేరు పెట్టారు. అందరితోపాటు నేనూ నవ్వాను. మూడేళ్ళు నవ్వాను. మళ్ళీ సైకిలెక్కడానికి మాత్రం భయపడ్డాను, ఎక్కితే మళ్ళీ ఏం తెంపుతానో అని.

ఇప్పుడు ఆ చైను నా చేతిలో ఉంది. మీరు ఊరికెళ్ళకముందైతే పాత ఇనుము అనుకొని పక్కన పడేసేదాన్ని. కానీ ఈ ఐదు నెలలూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి చైను చదవడం నేర్పింది మీరే. గుమ్మంలో వెలుతురుకు పెట్టి చదివాను. పిన్ను విరగలేదు. ఒకచోట పైపట్టీ పిన్ను మీంచి ఊడి, బయటికి వంగింది. మిగతా పిన్నుల తలలన్నీ అంచున నొక్కి, గట్టిగా ఉన్నాయి. ఆ ఒక్క పిన్ను తల మాత్రం నున్నగా ఉంది. దాని నడుమ, పిన్నులు బయటికి తోసే కటర్ మొన గుచ్చిన చిన్న గుంట. పక్కన, పిన్నుల గురించి మీరు రాసిన ఉత్తరంలోని బొమ్మ పెట్టుకొని రెండుసార్లు పోల్చి చూశాను. ఎవరో ఆ పిన్నును బయటికి తోసి చైను విప్పారు. రెండు కొసలూ కలపడానికి వేయాల్సిన కొత్త లింకు వేయకుండా ఆ పాత పిన్నునే మళ్ళీ లోపలికి కొట్టారు.

నా సైకిలు మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగదు. నేను పడ్డదానికి ముందురోజే, చైను పొడవెక్కువైంది, రెండు లింకులు తీసేశానని మీరు చెప్పారు.

అప్పటికీ నా మనసు మీ వైపే మాట్లాడింది. ఆయనకు తెలియదేమో, తెలియక చేసిన పని అయి ఉంటుంది అనుకున్నాను. అందుకే పోయిన నెల ఉత్తరంలో బేకరీ ఆయన సైకిలు గురించి అడిగాను. కొత్త లింకు లేదు, ఆయనకేమో తొందర, తీసిన పిన్నునే తిరిగి కొట్టి ఇవ్వనా అని.

మీ జవాబు ఇదీ: "పొరపాటున కూడా ఆ పని చెయ్యకు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఎత్తులో కాలు గట్టిగా వేసిన రోజు ఊడుతుంది. మనిషి కుడివైపు పడితే భుజం పోతుంది. లింకు లేకపోతే సైకిలు ఇవ్వకు, రేపు రమ్మను. తిడితే తిట్టనీ."

కుడివైపు అని నేనడగలేదండీ. భుజం అనీ అడగలేదు.

బేకరీ ఆయనకు అసలు సైకిలే లేదు, నడిచి వస్తాడు. మీకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. మీరు "తెలియదు, ఫర్వాలేదేమో" అని రాయాలని కోరుకున్నాను. మా ఆయన పనిలో కాస్త మొద్దు అని తేలితే ఆనందపడదామని కూర్చున్నాను.

మీ ఉత్తరాలు ఎప్పుడూ అత్తయ్యకు చదివి వినిపిస్తాను కదా, అదీ వినిపించాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆ కుడివైపు మాట దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అత్తయ్యా, మీకు తెలుసా?" అన్నాను.

"ఏంటమ్మా?"

"నా చైను ఎందుకు తెగిందో."

మడత పెట్టిన చీర విప్పి మళ్ళీ మడత పెట్టింది. తర్వాత అంది: "ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని చెప్పాడు. లింకు అయిపోయిందమ్మా, పొద్దున్నే దానికి బోర్డు పనుంది, మళ్ళీ మార్చొచ్చులే అని పాతదే కొట్టేశాను, నా చేతుల్తో నేనే పడేశాను అని ఏడ్చాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"తెలిస్తే నువ్వు ఉండవని భయం. ఎముక అతికేదాకా ఆగరా అని నేనే అన్నాను. ఎముక అతికింది. ఆ తర్వాత ఏ రోజు చెప్పాలో మా ఇద్దరికీ తెలియలేదు తల్లీ."

మూడు నెలలు నాకు తల దువ్వింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది ఆవిడే. మీరు రోజూ కొట్టు మూసి వచ్చి నా కాళ్ళకు నూనె రాసేవారు. ఏ జన్మలో ఏం పుణ్యం చేసుకున్నానో అనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. అందులో ప్రేమ ఎంతో, తప్పు చేశామన్న భయం ఎంతో నాకు తెలియడం లేదు. పోయినవాటిలో నాకు ఎక్కువ నొప్పిగా ఉన్నది అదే, భుజం కాదు.

పిన్ను కొట్టినందుకు మీ మీద కోపం లేదు. పనిచేసే చెయ్యి ఏదో ఒక రోజు తప్పు చేస్తుంది. నేనూ ఒకసారి ఆస్పత్రి బోర్డు మీద "ప్రసూతి"లో సున్నా ఎక్కువ పెట్టాను. ఆ రోజు మంచం పక్కన "నా వల్లే" అని ఉంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, సాయంత్రానికి అన్నం తిన్నారా అని అడిగేదాన్ని. మీరు మీ తప్పు తీసి నా కాళ్ళకు కట్టారు. అక్కడితో ఆగినా సరిపోయేది. దాన్ని హాస్యం చేసి ఊరికి పంచారు. నన్ను కూడా నవ్వమన్నారు.

పోయిన గురువారం టైలరుగారు గాలి కొట్టించుకోవడానికి వచ్చి, మామూలుగానే "ఇనపకాలు అక్కా, పంపు మీద కాలెయ్యకు, విరిగిపోతుంది" అన్నారు. గుమ్మంలో కూర్చున్న అత్తయ్య, "ఆ మాట ఇంక అనకు నాయనా" అంది. ఆయన నవ్వబోయాడు. "ఆ చైను తెంపింది నా కోడలు కాదు. నా కొడుకు. పిల్ల మీద పెట్టి మేమిద్దరం మూడేళ్ళు ఊరుకున్నాం" అని గట్టిగా, పక్క కొట్టువాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది. టైలరుగారికి ఎటు చూడాలో తెలియలేదు. నేను పంపు వదిలేసి లోపలికెళ్ళి ఏడ్చాను. ఆవిడ లోపలికి రాలేదు, ఓదార్చలేదు. గుమ్మంలోనే కూర్చుంది. అది నాకు నచ్చింది.

ఇంకో సంగతి. పార్సిళ్ళు పంచే డిపోలో నలభై సైకిళ్ళున్నాయి, చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. అక్కడి మేనేజరమ్మ మూడు సైకిళ్ళు నా ముందు నిలబెట్టి, వీటిలో దేన్ని రోడ్డు మీదికి పంపకూడదో చెప్పమంది. నడిమిది అన్నాను. ఎందుకో చూపించాను. ఒకటో తేదీ నుంచి రమ్మంది. సైకిలును ఛాతీ ఎత్తులో స్టాండుకు తగిలిస్తారు, చెయ్యి పైకెత్తే పనే లేదు. ఇది మీరు నేర్పిన విద్యే, కాదనను. కొట్టు తాళాలు అత్తయ్య దగ్గర ఉంటాయి. మీరొచ్చాక తెరుచుకోండి.

వచ్చే నెల మీరు తిరిగొచ్చే రైలు వేళకు నేను పనిలో ఉంటాను, స్టేషనుకు రాను. నేరుగా ఇంటికి రండి. ఈ ఉత్తరానికి జవాబు రాయకండి. క్షమించమనీ రాయకండి, అది మీకు తేలిక. నేనొచ్చేదాకా కూర్చోండి. ఆ రోజు లింకు లేదని తెలిసి, పిన్ను వేళ్ళ మధ్య పట్టుకొని, నేను ఆ సైకిలెక్కుతానని తెలిసి, మీ మనసులో ఏమనుకున్నారో అక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పండి. నా ముఖం చూస్తూ చెప్పండి. ఒక్కసారి కూడా నవ్వించకుండా చెప్పండి. ఎంతసేపైనా వింటాను. విన్నాక ఏం చేస్తానో నాకే ఇంకా తెలియదు.

ఇట్లు,
మిమ్మల్ని వదిలి వెళ్ళిపోతుందేమోనని మీరు భయపడ్డ మీ భార్య