అమ్మ ఎత్తి చూసిన ల్యాప్‌టాప్

సోమందేపల్లె,
శుక్రవారం మధ్యాహ్నం.

ఫరీదాకు హబీబుల్లా సలాం.

ఇక్కడ అమ్మ, పాప నాజ్‌నీన్, నేను బాగున్నాం. ల్యాప్‌టాప్ ఒక్కటే బాగాలేదు. నువ్వు కూడా అంత ఉత్తరాన ఆ అంబికాపూర్ చలికి అలవాటుపడి బాగానే ఉన్నావని తలుస్తున్నాను. స్వెట్టరు వేసుకునే పాఠం చెప్తున్నానని రాశావు కదా, నాజ్‌నీన్ ఆ సంగతి వీధంతా చెప్పి వచ్చింది. మన ఊళ్ళో స్వెట్టరు వేసుకున్న టీచర్ని ఎవరూ చూడలేదు మరి.

నీ ఉత్తరం సోమవారం అందింది. పోస్ట్‌మ్యాన్ ఎర్రిస్వామి దాన్ని షాపులో నా చేతికిచ్చి, ఈ కాలంలో భార్య ఉత్తరం రాసిందంటే అది ప్రేమన్నా అయ్యుండాలి, వకీలు నోటీసన్నా అయ్యుండాలి అని నవ్వాడు. విప్పి చూస్తే రెండూ ఉన్నాయి. ఫోన్లో ఏమడిగినా "సరే" అంటావు, లేకపోతే "నీ ఇష్టం" అంటావు, కాగితం మీదైనా నోరు తెరువు అని గట్టిగానే రాశావు. కోపం రాలేదు. ఫోన్లో నా పక్కన అమ్మ ఉంటుంది, అమ్మ ఒళ్ళో పాప ఉంటుంది, స్పీకరు పెట్టకపోతే ఇద్దరూ అలుగుతారు. అందరి ముందూ నాకు సరే తప్ప వేరే మాట రాదు. అందుకే ఈరోజు షాపును మన పనివాడు పుల్లన్నకు వదిలి, నమాజు నుంచి నేరుగా ఇంటికి వచ్చి రాయడానికి కూర్చున్నాను.

ల్యాప్‌టాప్ ఎలా పోయిందని అడిగావు. ఫోన్లో "పోయింది" అని ఊరుకున్నది ఎందుకంటే, పోగొట్టినామె నా పక్కనే కూర్చుని ఉంది. మన షాపులో ఏటా ఆయుధపూజ పుల్లన్నే చేస్తాడు కదా. కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపు మనది, పూజ వాడిది, బొరుగులూ బెల్లమూ పంచడం మనది. నాయన ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఈ దసరాకు కూడా సుత్తులు, పానాలు, చుట్టే మిషను అన్నీ కడిగి వరసగా పెట్టుకున్నాడు. అమ్మ ఎప్పటిలాగే ఇంట్లోని కుట్టుమిషను పంపింది. దాని వెనకే పాప చేత ల్యాప్‌టాప్ కూడా పంపింది. "ఆ యమ్మికి ఉద్యోగం తెచ్చింది ఇదే గదా. దీనికి మాత్రం ఒక బొట్టు ఉండొద్దా?" అందట. ఆ మాట తప్పు అనడానికి నాకే నోరు రాదు. నువ్వు పరీక్షకు చదివినన్నాళ్ళూ దాని ముందే కదా కూర్చున్నావు.

పుల్లన్నకు పెద్దామె చెప్పిందంటే ఇక తిరుగులేదు. మూత తెరిచి, తమలపాకుతో పసుపు నీళ్ళు చల్లాడు. మోటార్లకు ఎంత చల్లాడో దీనికీ అంతే చల్లాడు, తక్కువ చేస్తే దానికి లోటు చేసినట్టవుతుందని కాబోలు. మీటల మీద విభూతి, తెర మీద కుంకుమ, ముందొక నిమ్మకాయ. బయట బొరుగులు పంచి నేను లోపలికి వచ్చేసరికి ఛార్జరు కూడా వాడే పెట్టాడు. చిటుక్కుమని చిన్న చప్పుడు, వెంటనే వాసన. కాలిన మోటారు వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇది అదే వాసన కాదు గానీ, దానికి చుట్టమే. మోటారైతే విప్పి మళ్ళీ చుట్టేవాణ్ణి. దీన్ని విప్పి చూసి మూసేశాను. మూత ఊడిపోకుండా నేను రాగి తీగతో కట్టిన కట్టు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ రోజంతా అమ్మ సరిగ్గా తినలేదు. "కోడలి మొగం చూసే పెట్టెను నేనే చంపితిని" అని ఒకటే మాట. నువ్వు మాత్రం ఆమెతో ఈ సంగతి ఎత్తొద్దు.

ఇక కొత్తదాని విషయం. ఇంట్లో రోజూ వాడుకోవడానికే కదా, ఇన్ని వారాల ఆలోచన ఎందుకు అని అడిగావు. ఆలోచన ఎందుకంటే ఇంట్లో ముగ్గురం ఉన్నాం, మూడు రకాలు కావాలి. నాజ్‌నీన్‌కు తెర మీద వేలితో బొమ్మలు గీసేది కావాలి. అమ్మకు పెద్ద తెర కావాలి, ఎందుకంటే ఆపరేషను చేయించుకోమంటే వాయిదా వేస్తున్న ఆ కంటికి ఫోన్లో నువ్వు ఆనడం లేదు. ఫోనును ముక్కు దాకా తెచ్చుకుని చూస్తుంది, అప్పుడు నీకు ఆమె నుదురు తప్ప ఏమీ కనిపించదు. నాకేం కావాలో నాకే తెలియలేదు. నువ్వేమో, "తెర పెద్దది చూడు, బరువైనా పరవాలేదు, ఎక్కడికీ మోసుకుపోయేది కాదు కదా" అని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మామూలుగా రాశావో, నన్ను పరీక్షించడానికి రాశావో ఎంత చదివినా తెలియలేదు.

మంగళవారం హిందూపురం వెళ్ళాను. నాతో పెనుకొండలో చదివిన ఖాజా పీర్ అక్కడ ల్యాప్‌టాప్‌ల షాపు పెట్టాడు. కొత్తవీ ఉన్నాయి, బెంగళూరు ఆఫీసుల్లో వాడి వదిలేసినవీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి దీంట్లో జ్ఞాపకశక్తి ఇంత, దీని బ్యాటరీ ఇన్ని గంటలు అని చెప్తున్నాడు. నేను అలవాటు కొద్దీ ఒక్కొక్కదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మోటారు పాతదో, కాల్చి తెచ్చిందో నాకు ముక్కే చెప్తుంది మరి. షాపులో ఇంకొకాయన నన్ను చూసి తన బేరం పక్కన పెట్టి తనూ వాసన చూడటం మొదలుపెట్టాడు. ఖాజా పీర్ తల పట్టుకున్నాడు.

చివరికి వాడు ఒకే మాట అడిగాడు. "ఏమప్పా, ఇంట్లో ఒక తావున పెట్టుకోనేకా, ఎత్తుకొని పోయేకా? అది చెప్పు, మిగతాది నేను చూసుకుంటా."

మామూలు ప్రశ్న. కొనడానికి వచ్చిన ప్రతివాడినీ అడిగేదే. నేను మాత్రం మళ్ళీ వస్తానని చెప్పి, రెండు బోండాలు తిని బస్సెక్కాను.

నీ అసలు ప్రశ్న కూడా అదే కదా, ఫరీదా. మీ స్కూలు ఫ్యామిలీ క్వార్టర్సు కావాలో వద్దో ఈ నెలలోపు చెప్పాలన్నావు. వద్దంటే ఇద్దరు టీచర్లు ఉండే గదిలోనే ఉండి, ఇటువైపు బదిలీ కోసం ఎన్నేళ్ళయినా కాచుకోవాలి, లేదంటే ఉద్యోగం వదిలి రావాలి. నేను ఫోన్లో "నీ ఇష్టం" అన్నాను. అది మాట కాదు, తప్పించుకోవడం అని రాశావు. అవును, తప్పించుకోవడమే. నువ్వు రమ్మని అడగలేదు, నేను రానా అని అడగలేదు. అయితే ఉత్తరం చివర్లో, స్కూలుకు వెళ్ళే దారిలో ఒక మోటారు వైండింగ్ షాపు ఉందని, ఒకాయన రాగి తీగ చుడుతుంటే కాసేపు నిలబడి చూశానని రాశావు. ఊరికే రాసి ఉంటావా? ఆ నాలుగు వరుసలే నేను ఎక్కువసార్లు చదివాను.

నా భయం చెప్తాను, నవ్వొద్దు. ఇక్కడ నేను నాయన పెట్టిన షాపులో కూర్చుంటాను. పని తగ్గిన మాట నిజమే. బోరులో నీళ్ళు అడుగంటుతుంటే మోటారు కాలుతుంది, మనకు పని దొరుకుతుంది. బోరే ఎండిపోతే మోటారును పైకి తీసి పాత ఇనుముకు వేస్తారు, అప్పుడు మనకేం పని? అయినా దారిన పోయేవాళ్ళు హబీబన్నా అని పిలుస్తారు. అక్కడ నేనెవరిని? టీచరమ్మ మొగుణ్ణి. దానికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. నా పేరు హబీబుల్లా అని చెప్పగానే అక్కడివాళ్ళు గడగడా హిందీ మొదలుపెడతారు. మన ఇళ్ళలో తాతల కాలం నుంచీ తెలుగే అని ఎవరికి చెప్పను, ఏ భాషలో చెప్పను?

అందుకే నీ దగ్గర ఒకటి దాచాను. సాయంత్రాలు ఫోన్ చేస్తే పాప ల్యాప్‌టాప్‌లో చదువుకుంటోందని చెప్పేవాణ్ణి. చదువుకుంటున్నది పాప కాదు, నేను. నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళ నుంచే హిందీ పాఠాలు పెట్టుకుని నేర్చుకుంటున్నాను. నాజ్‌నీన్ స్కేలు పట్టుకుని పక్కన నిలబడేది, తప్పు పలికితే మోకాలి మీద ఒకటి వేసేది. నీ కూతురే. పేరు చెప్పుకోవడం దగ్గర మొదలుపెట్టి, "మోటారు ఎప్పుడు కాలింది, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి" అని అడిగేదాకా వచ్చాను. అంతలో దసరా వచ్చింది, పాఠం ఆగిపోయింది. ల్యాప్‌టాప్ పోయినందుకు ఇంట్లో అందరికన్నా నేనే ఎక్కువ బాధపడ్డాను, పైకి చెప్పుకోలేకపోయాను. నేను రావాలనే అనుకుంటున్నాను, ఫరీదా. నువ్వు లేని ఇంట్లో నాకు ఏమీ తోచడం లేదు. వస్తానని చెప్పాక అక్కడ పనికిరాకుండా పోతానేమోనని నోరు మెదపలేదు. అమ్మను ఎలా అడగాలో కూడా తెలియలేదు. ఆమె పుట్టింది చిలమత్తూరులో, మెట్టింది ఇక్కడ, ఇంతకన్నా దూరంలో ఎక్కడా కాపురం ఉన్నది కాదు.

నిన్న పాపను కూడా తీసుకుని మళ్ళీ హిందూపురం వెళ్ళాం. ఈసారి అమ్మ కూడా వస్తానంది. తన వల్ల పోయింది కాబట్టి తనే చూసి కొంటానంది. ఖాజా పీర్ మూడింటిని బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్ద తెరది, ఒకటి పాప అడిగినది, ఒకటి చిన్నది, పలచగా ఉంది. అమ్మ వాటి తెర వైపు చూడనే లేదు. సంతలో గిన్నె కొన్నా, బిందె కొన్నా ఎత్తి చూడనిదే బేరం చేయదని నీకు తెలుసు కదా. వీటినీ అలాగే ఒక్కొక్కటి రెండు చేతులతో ఎత్తి, కాసేపు పట్టుకుని, దించింది. చిన్నదాన్ని రెండోసారి ఎత్తి, దించకుండా చంకలో పెట్టుకుంది.

ఖాజా పీర్ మర్యాదగానే చెప్పాడు. "పెద్దమ్మా, నీకు చూపు తక్కువ. దాంట్లో నీ కోడలి మొగం చిన్నగా కనపడతాది. ఇంట్లో ఉండేదానికి బరువుతో నీకేం పని?"

"ఇంట్లో ఉండేకి ఎవురప్పా కొంటాండేది?" అంది అమ్మ. "దాని మొగం చూసేకి మేమే పోతాండాం. వీడు దినామూ మునిమాపున హిందీ చదువుతాంటే నాకు చెవులు లేవనుకున్నాడు. రైల్లో దీన్ని ఒళ్ళో పెట్టుకోని పోవాల్సింది నేను. బరువు నేను చూడొద్దా?"

నాజ్‌నీన్ నా వైపు చూసింది. సాయంత్రాలు తస్బీ పూసలు తిప్పుకుంటూ ఏమీ విననట్టు కూర్చునే అమ్మ వైపు నేను చూశాను. ఆమె నా వైపు చూడలేదు, చంకలోదాన్ని సర్దుకుంటోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఖాజా పీర్ నన్నడిగాడు, "నిజంగా పోతాండారా?"

సరే అనలేదు ఫరీదా, నీ ఇష్టం అనలేదు. అవును అన్నాను.

కాబట్టి క్వార్టర్సు తీసుకుంటామని చెప్పు. పాప పరీక్షలు కాగానే వస్తాం. షాపు పుల్లన్నకు అప్పజెప్తాను. ఆ మాట విని వాడు కొత్త ల్యాప్‌టాప్‌కు పూజ చేయాలా అని అడిగాడు. చెయ్యి గానీ నీళ్ళు చల్లొద్దని అమ్మ చెప్పింది. ఈ లోపల అమ్మ కంటి ఆపరేషను పుట్టపర్తిలో చేయించేస్తాను, ఇప్పుడు ఆమే తొందరపడుతోంది. నువ్వు ఆ వైండింగ్ షాపాయన దగ్గర ఈసారి ఊరికే నిలబడకుండా, హిందీ తప్పులతో మాట్లాడే పనివాడు కావాలేమో కనుక్కో. ఉత్తరం అందేదాకా ఈ సంగతి ఫోన్లో ఎత్తొద్దని పాపతో ఒట్టు వేయించాను, ఎంతవరకు నిలబెడుతుందో చూడాలి.

ఖాజా పీర్ ఆ చిన్నదానికి బిల్లు రాస్తూ, ఇంట్లో పెట్టుకోనేకా ఎత్తుకొని పోయేకా అని మళ్ళీ అదే అడిగాడు. ఇంట్లో వాడుకోవడానికేనని చెప్పాను. ఇల్లు నువ్వు చూసి పెట్టు.

ఇట్లు,
వస్తున్న నీ హబీబుల్లా,
నాజ్‌నీన్ నాయన.