డబ్బాలకు చెప్పిన సరే

అశోక్ నగర్, హైదరాబాద్
ఆగస్టు 21, 2011

ప్రియమైన శ్రీనాథ్ అన్నకు,

చెల్లెలు స్వరూప నమస్కారాలు. ఇక్కడ నేను, ఊళ్ళో అమ్మ బాగున్నాం. నువ్వు కూడా బాగున్నావని నీ చీటీ చెప్పింది కానీ, కళ్ళతో చూసేదాకా సగమే నమ్ముతాను.

పీరయ్య బాబాయి మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చిన ఆ చీటీలో అడిగినవాటికి ముందు జవాబులు. హాస్టల్లో అన్నం ఇప్పుడు మెత్తగానే వండుతున్నారు, పప్పు మాత్రం ఇంకా నీళ్ళే. కళ్ళ నొప్పి తగ్గింది. గ్రూప్స్ కోచింగ్ మానలేదు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ. ఎకానమీ పుస్తకం కింద నిఘంటువు పెట్టుకుని చదువుతుంటే నా రూమ్మేట్ ప్రభావతి అక్క పట్టేసింది. "ఏందే, పరీక్షల నిఘంటువు మొత్తం అడుగుతరా?" అని ఒకటే నవ్వు. ఏం చేయను అన్నా! ఈ వారం 'మలిసంజె' అనే మాట దొరికింది. వాన వెలిశాక నారాయణగూడ నుంచి నడిచి వస్తుంటే తడి రోడ్డు మీద బస్సుల దీపాలు పొడుగ్గా సాగి కనిపించాయి. ఆ మాటను మెల్లగా పైకి అన్నాను. వీధి మొత్తం తలతిప్పి నన్నే చూసినట్టు అనిపించింది.

మెయిల్ ఉండగా ఈ కాగితం ఎందుకని అనుకుంటున్నావు కదా. చెబుతాను.

"కంపెనోళ్ళు ఇంకో రెండేండ్లకు సంతకం అడుగుతున్నరు. పెట్టాల్నా చెల్లె?" అని ఎండాకాలంలో నువ్వు మెయిల్ రాశావు. అప్పటిదాకా మనం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్ళం. అంత పెద్ద మాటను ఆ అక్షరాల్లో రాయబుద్ధి కాలేదు. లైబ్రరీలో కూర్చుని పెన్సిల్‌తో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, శశాంక్ అన్న నెట్ సెంటర్లో తెలుగులో టైపు చేసి పంపాను. మర్నాడే నీ జవాబు వచ్చింది: "సరే చెల్లె, నువ్వు చెప్పినట్టే." ఆ రోజు నేల మీద నడిచిన గుర్తు లేదు.

మొన్న నెట్ సెంటర్లో నేనెప్పుడూ కూర్చునే చోట ఎవరో ఉన్నారు. మూలనున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మెయిల్ మళ్ళీ తెరిచాను. ఒక్క అక్షరం లేదు. వరుసగా ఖాళీ డబ్బాలు, దీపాలు పెట్టని ఇళ్ళ కిటికీల్లాగ.

"శశాంక్ అన్నా, నా మెయిల్ పాడైంది!"

"పాడు కాలె, పరేషాన్ కాకు. నీ అక్షరాలు ఏడికి పోలె. దీన్ల తెలుగు ఫాంట్ లేదు, దీనికి కనవడ్తలేవు, గంతే."

ఆయన ఫాంట్ ఎక్కించి బ్రౌజర్ సెట్టింగులు తెరిచాడు. సెరిఫ్, శాన్స్ సెరిఫ్, మోనోస్పేస్, అన్నిటికన్నా చిన్న సైజు... కింద టిక్కు పెట్టే గడి.

"ఇవన్నీ ఏందన్నా?"

"నాకేమెర్క? ఒక్కొక్కటి నొక్కి చూస్త. అయితే అయితది, లేకుంటే రీస్టార్ట్."

ఆయన నొక్కినకొద్దీ ఇంగ్లీషు అక్షరాలు లావయ్యాయి, సన్నబడ్డాయి. డబ్బాలు మాత్రం కదల్లేదు. పైన భాష దగ్గర 'వెస్టర్న్' అని ఉండటం చూసి, "మన భాష కిందెక్కడన్న ఉందేమో చూడన్నా" అన్నాను. కిందికి పోతే తమిళానికీ థాయ్‌కీ మధ్య తెలుగు కూర్చుని ఉంది. దాన్ని ఎంచి, ఫాంట్ మార్చి సరే కొట్టగానే కిటికీలన్నిటిలో ఒక్కసారి దీపాలు వెలిగాయి. నేను రాసిన ప్రతి మాటా లేచి కూర్చుంది. (మోనోస్పేస్ అంటే, సన్నటి అక్షరానికైనా లావుదానికైనా ఒకే జాగా అట. మా హాస్టల్ మంచాల్లాగ.)

"మా బామ్మర్ది దుబాయ్‌ల ఉంటడు. ఆడ గూడ గివే డబ్బాలట" అన్నాడు శశాంక్ అన్న నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ మెయిల్ తర్వాత వచ్చిన నీ జవాబులన్నీ తెరిచాను. "మస్కట్‌లో వానలు పడతాయా?" అని తెలుగులో అడిగితే నీ జవాబు, "సరే చెల్లె, నువ్వు చెప్పినట్టే." "గోంగూర పచ్చడి బూజు పట్టలేదు కదా?" అంటే, "సరే చెల్లె, నువ్వు చెప్పినట్టే." అప్పుడు పని తొందర అనుకుని నవ్వుకున్నాను.

ఆ డబ్బాలను చూస్తూ ఏమనుకున్నావన్నా? చదవరావడం లేదంటే నేను చిన్నబుచ్చుకుంటాననుకున్నావా? ఏముందో తెలియకుండానే నా మాటకు ఒప్పుకున్నావు. వాటిలో 'సంతకం పెట్టు' అనే మాట ఉందనుకున్నావేమోనని నాకు భయం పట్టుకుంది.

ఇంకొకటి చెప్పాలి. నీ 'సరే' చూసిన రోజే అమ్మకు ఫోన్ చేసి, అన్న వచ్చేస్తున్నాడని చెప్పేశాను. అమ్మ నీ మంచానికి కొత్త నవారు అల్లించింది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదట. "నవారు సాగుతది, మా శీనిగాడు రానియ్" అంటుందట.

ఫోన్లో చెబితే నువ్వు నవ్వి మాట దాటేస్తావు. అందుకే ఆ మెయిల్లోదే మళ్ళీ చేత్తో రాస్తున్నాను. కలం రాత డబ్బాలు కాదు.

సంతకం పెట్టకు అన్నా. వచ్చెయ్. ఫోన్లో మాట మధ్యలో దగ్గి, దుమ్ము అంటావు. ప్రతిసారీ ఆ దగ్గు ఇంకొంచెం పొడుగవుతోంది. నా చదువు కోసం ఇంకో రెండేళ్ళు ఆ దుమ్ములో ఉండకు. నారాయణగూడలో ఒక డీటీపీ షాపులో సాయంత్రాలు తెలుగు టైపింగ్ పని దొరికింది. హాస్టల్ గడిచిపోతుంది.

ఫాంట్ ఎట్లా పెట్టాలో ఈ కాగితం వెనక వరుసగా రాశాను. మీ క్యాంపు పక్క షాపతనికి చూపించు. చివర ఆ టిక్కు గడి వస్తుంది. పైన మనం ఎంచింది పక్కనపెట్టి, పేజీని తన అక్షరాలు తననే ఎంచుకోనివ్వాలా అని అడుగుతుంది. శశాంక్ అన్న అన్నీ నొక్కుతూ తీసేసిన ఆ టిక్కును నేను మళ్ళీ పెట్టాను.

నీ ముందు కూడా అదే పెడుతున్నాను, నువ్వే ఎంచుకో. అమ్మ మంచం చూసి రావద్దు, నా ఉత్తరం చూసి రావద్దు. ఉండాలనిపిస్తే ఉంటానని రాయి, అమ్మకు నేను చెప్పుకుంటాను. దసరాకు కదా సంతకం. పీరయ్య బాబాయి వచ్చే వారం తిరిగి వస్తూ దీన్ని నీ చేతికిస్తాడు. ఏ అక్షరాల్లో రాసినా చదువుకుంటాను. ఒక్కటి మాత్రం రాయకు అన్నా, 'నువ్వు చెప్పినట్టే' అని.

ఇట్లు,
ఈసారి నువ్వు చెప్పేది వినాలనుకునే
నీ చెల్లె స్వరూప